రాత్రికెక్కడ?

కొల్లేరు చుట్టూ మోటారు సైకిలు మీద మూడు రోజులు తిరిగొద్దామని నేనూ అన్నా అనుకుని నాలుగు నెలలయింది. ఇంకా బయలుదేరలేదు. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. పక్క మండలం హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాడు. 2018 డీఎస్సీలో ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయి. ట్రైనింగులో ఒకే బెంచీ మీద కూచున్నాం. నాకంటే నాలుగేళ్లు పెద్ద కాబట్టి నేను అన్నా అంటాను, అతను తమ్ముడూ అంటాడు. అతను మాల, నేను మాదిగ. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత దీంతో పని పడుతుంది.

షికారు సంగతులు ఈ పుస్తకంలో ఎందుకని మీరు అడగొచ్చు. కారంచేడు గురించి, చుండూరు గురించి, వెట్టి గురించి, హాస్టలు అన్నం గురించి రాసుకునే చోట మోటారు సైకిలు ముచ్చట్లా? నేనూ అదే అడుక్కున్నాను. కానీ ఈ షికారుకి ప్లాను వేస్తూ కూచున్నప్పుడు నాకు తెలిసొచ్చినంత ఏ మీటింగులోనూ తెలిసిరాలేదు. అందుకే రాస్తున్నాను.

నేను సోషల్ మాస్టార్ని. ఏటా కొల్లేరు పాఠం చెబుతాను. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడ్డ మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కలుస్తాయి. ఉప్పుటేరు గుండా నీళ్లు బంగాళాఖాతంలోకి పోతాయి. 1999లో అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఇదంతా గడగడా చెప్పేస్తాను. పోయినేడు ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "మీరు చూశారా సార్?" అంది. చూళ్లేదు. మా ఊరు నూజివీడు అవతల మెట్టలో ఉంది. మా గూడెంలో పడ్డ వాన వాగులో కలిసి, వాగు తమ్మిలేట్లో కలిసి, కొల్లేటికి చేరుతుంది. నేను చేరలేదు. డిగ్రీ మూడేళ్లు ఏలూరులోనే చదివాను. అక్కణ్ణించి కైకలూరు బస్సెక్కితే కొల్లేటి నడిమి నుంచే పోతుంది. ఒక్కసారన్నా ఎక్కాలని తోచలేదు. డబ్బుల్లేకా? కొంత అదీను. కానీ అసలు సంగతి, చూడ్డానికని ఒక చోటికి వెళ్లడం మా ఇంట్లో ఎవరూ చేసిన పని కాదు.

మాయమ్మకి చెప్పాను, మూడు రోజులు కొల్లేటి వైపు పోతున్నానని. ఆమె చేతిలో చాట కింద పెట్టి, "ఎవరన్నా పోయారా?" అంది.

ఎవరూ పోలేదమ్మా, ఊరికే చూసొద్దామని అన్నాను. ఊరికే అనే మాట ఆమెకు ఎక్కలేదు. ఆస్పత్రికా, అప్పుకా, పెళ్లికా, చావుకా? ఈ నాలుగు కాక మనిషి ఊరు దాటడానికి అయిదో కారణం ఉంటుందని ఆమె ఎరగదు. ఆమె తప్పేం లేదు.

ప్లాను మొదట తేలిగ్గానే సాగింది. నోటుబుక్కు మధ్య కాగితం చింపి కొల్లేరుని కోడిగుడ్డులాగా గీశాను. ఏలూరులో బయలుదేరి హైవే మీద గుండుగొలను, భీమడోలు. అక్కడ కుడి పక్కకి దిగి నిడమర్రు, గణపవరం వైపుగా ఆకివీడు. ఉప్పుటేరు దాటి కైకలూరు. ఆటపాకలో గూడబాతులు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి. తర్వాత మండవల్లి, గుడివాడ, హనుమాన్ జంక్షన్ మీదుగా మళ్లీ ఏలూరు. ఆగకుండా తోలితే ఒక్క రోజులో చుట్టేయొచ్చు. మాకు రోడ్డు కాదు, లంకలు చూడాలి. గట్ల మీద పడి లోపలికి పోయి, మనుషులతో మాట్లాడి, మళ్లీ రోడ్డెక్కాలి. అందుకు మూడు రోజులు. వానాకాలం వద్దనుకున్నాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచినప్పుడు ఆ నీళ్లన్నీ చివరికి కొల్లేటి మీదే పడ్డాయి, ఏలూరు కైకలూరు రోడ్డు మునిగింది. పైగా పక్షులు దిగేది చలికాలంలో. మాస్టర్లకి సెలవులు దొరికేది సంక్రాంతికి. ఖాయం చేశాం.

బండి నాది, స్ప్లెండర్. ఎనభై వేలు తిరిగింది. చైను మార్పించాలి. క్లచ్ వైరు ఒకటి, ప్లగ్గు ఒకటి, ట్యూబు ఒకటి వెంట ఉంచుకోవాలి. గట్ల మీద పంచరు పడితే మైళ్ల కొద్దీ నెట్టాలి మరి. చేపల లారీలు నీళ్లు కార్చుకుంటూ పోతాయి, పొద్దున్నే రోడ్డు జారుతుంది, పైన మంచు. ఎనిమిదింటికి ముందు బండి తీయకూడదు. ఇదంతా అరగంటలో తేలిపోయింది.

అప్పుడు అన్న అడిగాడు, "రాత్రికెక్కడ?"

అంతే. ఆ రెండు రాత్రుల దగ్గరే నాలుగు నెలలుగా ఆగి ఉన్నాం.

మా స్కూల్లో లెక్కల మాస్టారున్నాడు. మంచివాడు. వెటకారం కాదు, నిజంగానే మంచివాడు. నా పిల్లకి జ్వరమొస్తే అర్ధరాత్రి కారు తీసుకొచ్చినవాడు. బుల్లెట్ మీద అరకు పోయొచ్చాడు, శ్రీశైలం పోయొచ్చాడు. మా కాగితం చూసి నవ్వాడు. "ప్లానేంటి మాస్టారూ? ప్లాను వేస్తే మజా ఏముంది? బండెక్కండి. పొద్దుగూకితే ఏదో ఊళ్లో ఎవరి తలుపో కొట్టండి. మన పల్లెటూళ్లలో అన్నం పెట్టకుండా పంపుతారా?" అన్నాడు. ఒకసారి దారిలో వాన పట్టుకుంటే ఎవరో రైతు ఆయనకి మంచం వేసి, పొడి బట్టలిచ్చి, పొద్దున్నే పెరుగన్నం పెట్టి పంపాడంట. వెళ్లేముందు ఇంటిపేరు అడిగాడంట. చెబితే, "అయితే మా వియ్యపురాలి తరఫు చుట్టమే మీరు" అన్నాడంట. మనుషుల్లో మంచితనం ఇంకా చావలేదు మాస్టారూ అని ఆ కథ ముగించాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ రైతు మంచివాడే అయివుంటాడు. కానీ ఆ కథలో మంచం ముందొచ్చి ఇంటిపేరు తర్వాతొచ్చింది. వాన గట్టిగా పడుతోంది కాబట్టి అలా జరిగింది. వాన కాస్త సన్నగా ఉంటే ముందు ఏది వచ్చేదో నాకు తెలుసు. ఆయనకి ప్లాను అక్కర్లేదు. ఆయన పుట్టకముందే ఎవరో వేసి పెట్టారు. ఊరూరా వియ్యపురాళ్లున్నారు. ఊరికే బయలుదేరడం, దారి తప్పడం, చీకటిపడ్డాక తలుపు కొట్టడం, వీటిని ఆయన ధైర్యం అనుకుంటున్నాడు. నేను పిరికివాణ్ణనుకుంటున్నాడు. ఆయన ధైర్యంలో ఆయన సొంతం ఎంతో, ఇంటిపేరుది ఎంతో, లెక్కల మాస్టారే అయినా ఎప్పుడూ లెక్క కట్టి చూసుకుని ఉండడు.

మేం లెక్క కట్టాం. ఏ ఊళ్లో టీ తాగొచ్చు? దీనికి ఇప్పుడు ఇబ్బంది లేదు, కాగితం కప్పులొచ్చి రెండు గ్లాసుల గొడవ తీర్చేశాయి. తీర్చాయో, కప్పిపెట్టాయో. మంచినీళ్లు సీసాలు కొనుక్కోవచ్చు. కొల్లేటి ఊళ్లవాళ్లే డబ్బాల నీళ్లు కొనుక్కుంటున్నారు. చీకటిపడ్డాక చేపల చెరువు గట్టు మీద బండి ఆపకూడదు. మా చిన్నమ్మ కొడుకు ఒకడు అటుపక్క చెరువు మీద కాపలా ఉంటాడు. వాడే చెప్పాడు, "అన్నయ్యా, రాత్రిపూట మటుకు గట్టెక్కమాకండి. చేపల దొంగలనుకుంటే ముందు కొడతారు, తర్వాత అడుగుతారు. అడిగాక ఊరు పేరు చెప్పారనుకో, మళ్లీ కొడతారు." వాడు నవ్వుతూనే చెప్పాడు. వాడు కాపలా కాసే చెరువు, కాగితాల మీద మనోళ్ల సొసైటీది. లీజు ఇంకెవరిదో. 2005, 2006 సంవత్సరాల్లో గట్లు కొట్టేసినప్పుడు అదీ పోయింది, మళ్లీ లేచింది. లేచినప్పుడు కూడా వాడు కాపలాగానే లేచాడు. ఈ కథ రాస్తే వేరే వ్యాసం అవుతుంది.

ఎవరూ మొహం మీద కులం అడగరు ఇప్పుడు. ఏ ఊరు అంటారు. ఊరు చెబితే, ఊళ్లో ఎక్కడ అంటారు. మరీ మర్యాదస్తులైతే, రామాలయం దగ్గరా, చర్చి దగ్గరా అని అడుగుతారు. లాడ్జిలో ఆధార్ కార్డు ఇస్తే ఇంటిపేరు మీద కాసేపు చూపు ఆనించి, ఆ తర్వాతే గది ఖాళీ ఉందో లేదో గుర్తుచేసుకునేవాళ్లుంటారు. అందరూ కాదు. ఆ కాస్తమంది ఏ ఊళ్లో ఉన్నారో తెలియకపోవడమే మా ప్లానుకి అడ్డం.

ఇలా ఆలోచించుకుంటూ ఉంటే మా తాత గుర్తొచ్చాడు. మా తాతకి ఈ దారంతా తెలుసు. మా ఊరి ఆసాములకి కైకలూరు వైపు వియ్యాలుండేవి. ఇక్కడ ఎవరన్నా పోతే అక్కడికి కబురు తీసుకెళ్లాల్సింది మా తాత. చావుకబురు. అది మా ఇంటి పని. రాత్రనక పగలనక నడవాలి. ఏ ఊళ్లో చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి, ఏ చెట్టు కింద కూచోవచ్చు, ఏ ఇంటి ఇల్లాలు దోసిట్లో నీళ్లు పోస్తుంది, ఎక్కడ పొద్దుగూకకముందే దాటిపోవాలి, అన్నీ ఆయన నోట్లో ఉండేవి. అంటే ప్లాను వేయడం మా ఇంట్లో నాతో మొదలవలేదు. మా తాత నాకంటే బాగా వేశాడు. ఆయన పోయేది ఇంకొకళ్ల చావు మోసుకుని, నేను పోయేది గూడబాతుల్ని చూడ్డానికి. ఇంతదూరం వచ్చినవాణ్ణి, ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే గుర్తులన్నీ దాదాపు ఒకే చోట పడుతున్నాయి. ఆ సంగతి నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

తాత కొల్లేరు గురించి ఒక్కటే చెప్పేవాడు. లంకకి దోనెలో దాటేవాడంట. దోనె చివర కూచోమనేవాళ్లు. నడిమధ్యకి రాగానే వంగి చేత్తో నీళ్లు తోడుకుని కడుపునిండా తాగేవాడంట. "ఆ పయనం మొత్తమ్మీద నా చేత్తో నేను తాగింది అక్కడేరా. నడి కొల్లేట్లో ఎవడి రేవూ లేదు" అనేవాడు. చిన్నప్పుడు అది నాకు వింత కథ లాగా ఉండేది. పెద్దయ్యాక కారంచేడు గురించి చదివాను. 1985 జులైలో ఆ ఊళ్లో జరిగిందంతా మంచినీళ్ల చెరువు దగ్గర మాటామాటా అనుకోవడంతోనే మొదలయిందని చదివినప్పుడు తాత మాట మళ్లీ వినపడింది.

షికారు పోయే దళితుల గురించి ఎక్కడన్నా రాసి ఉందా అని వెతికితే ఒకటి దొరికింది. మీలో చాలామందికి తెలిసిందే. 1934లో బాబాసాహెబ్ అంబేద్కర్ తోటి కార్యకర్తలతో కలిసి వేరూళ్ గుహలు చూడ్డానికి బయలుదేరాడు. ముప్పైమంది దాకా ఉన్నారు. ఒక బస్సు, ఒకటి రెండు కార్లు. అప్పటికే ఆయన లండనూ అమెరికా చదువులు చదివినవాడు, మహద్ చెరువు నీళ్లు తాగించినవాడు, రౌండ్ టేబుల్ సమావేశాలకు వెళ్లొచ్చినవాడు. ఆయన కూడా ప్లాను వేశాడు. దారిలో తామెవరో చెప్పకుండా పోవాలని, ఆగదలచుకున్న చోట మనవాళ్లకు మాత్రమే కబురు పెట్టాలని అనుకున్నారు. నిజాం రాజ్యంలో దౌలతాబాద్ కోట దగ్గర దుమ్ము కొట్టుకుపోయి దిగి, అక్కడున్న తొట్లో మొహం, కాళ్లు కడుక్కున్నారు. ఒక ముసలాయన అరుచుకుంటూ వచ్చాడు, నీళ్లు మైలపడ్డాయని. గొడవయింది. చివరికి కోటలో ఎక్కడా నీళ్లు ముట్టుకోకూడదన్న షరతు మీద, వెంట ఒక సిపాయిని పెట్టి లోపలికి వదిలారు. ఇదంతా ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నాడు.

ఇది చదివి అన్నకి చూపించి, "చూశావా, బాబాసాహెబే చెప్పకుండా పోయాడు. మనం కూడా చెప్పొద్దు. అడిగితే ఏదో ఇంటిపేరు చెబుదాం" అన్నాను. అన్న ఒప్పుకున్నాడు. ఇద్దరికీ తగిన ఇంటిపేర్లు కూడా ఎంచాం. నవ్వుకుంటూనే ఎంచాం. తీరా రాత్రి పడుకుంటే నాకు డిగ్రీ రోజులు గుర్తొచ్చాయి.

ఇది ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. డిగ్రీ రెండో ఏడు హాస్టల్లో సీటు రాకపోతే ఏలూరులో ఒక ఇంటి వెనక గది అద్దెకి తీసుకున్నాను. ఇంటావిడ అడిగింది, ఏవుట్లు బాబూ మీరు అని. నోటికొచ్చిన కులం ఒకటి చెప్పాను. ఎనిమిది నెలలున్నాను. ఆవిడ నన్ను బాగా చూసింది. పండక్కి గారెలు పెట్టింది. నాకు కామెర్లొస్తే మందు ఇప్పించింది. అమ్మ లేదనే లోటు తెలియనివ్వలేదు. అమ్మ ఉంది నాకు. నెలకోసారి బియ్యం మూట నెత్తిన పెట్టుకుని బస్సు దిగేది. నేను బస్టాండులోనే ఎదురుపోయి మూట అందుకుని, అక్కడే బల్ల మీద కూచోబెట్టి టీ ఇప్పించి, మళ్లీ బస్సెక్కించేవాణ్ణి. "గది చూడొద్దా నాన్నా?" అంటే, ఇంటివాళ్లు ఒప్పుకోరమ్మా అన్నాను. ఎనిమిది నెలల్లో ఎనిమిదిసార్లు. ఎనిమిదోసారి ఆమె అడగలేదు. అందుకు తెలిసిపోయిందని అర్థమయింది.

ఇప్పుడు నన్నొకటి చెప్పనివ్వండి. ఆ ఇంటావిడకి నేను అబద్ధం చెప్పడం తప్పేనా? పదేళ్లపాటు ఈ ప్రశ్న నన్ను తొలిచింది. ఆవిడ మీద జాలిపడి కాదు. బడిలో నేను పిల్లలకి నిజం చెప్పమని చెప్పేవాణ్ణి కదా. మా మెట్టలో హరిశ్చంద్ర నాటకం ఆడని ఊరు లేదు. మా నాన్న తెల్లవార్లూ కూచుని చూసేవాడు. నిజం కోసం రాజ్యం పోయింది, పెళ్లాం పోయింది, కొడుకు పోయాడు, చివరికి కాటిలో వీరబాహు దగ్గర కాపరిగా నిలబడ్డాడు. జనం అక్కడ ఏడుస్తారు. ఎందుకు ఏడుస్తారంటే అంతకంటే కింద మెట్టు లేదు కాబట్టి. మా నాన్నా ఏడ్చేవాడు. తన తాత ముత్తాతలు చేసిన పని ఒక రాజు చేయాల్సొచ్చిందని! ఆ కాటి సీనులో గాయకులు పాడే పద్యాలు జాషువావి. ఆ సంగతి తెలిసినవాళ్లు కూడా చప్పట్లు కొట్టి ఊరుకుంటారు. నిజం చెప్పిన మనిషికి పడే శిక్షల్లో ఆఖరిది మా దగ్గర పనిచేయడమని చెప్పే కథ, మాకు నిజం చెప్పడం నేర్పుతుందా? అడిగే హక్కు లేనివాడు అడిగిన ప్రశ్నకి నిజం బాకీ లేదు. ఆ ఇంటావిడకి నేనేం బాకీ లేను. ఇంతవరకూ నా వాదన గట్టిగానే ఉంది. ఎవరితోనైనా వాదిస్తాను.

కానీ ఆ అబద్ధం ఆవిడకి తగల్లేదు. ఆవిడ గారెలు ఆవిడకున్నాయి. అది బస్టాండులో బల్ల మీద కూచున్న మనిషికి తగిలింది. నేను కులం దాస్తే దాగేది కులం కాదు, మాయమ్మ. అంబేద్కర్ చెప్పకుండా పోయాడే గానీ, ఇంకెవరో అని చెప్పలేదు. ఆ ముసలాయన కేక వేసినప్పుడు, మేం వాళ్లం కాదు అనలేదు. చెప్పకపోవడానికీ ఇంకెవరో అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం బాబాసాహెబ్ కాలంలో ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. మర్నాడు అన్నకి ఫోన్ చేసి దొంగ ఇంటిపేర్లు వద్దన్నాను. ఎవరూ అడక్కపోతే చెప్పం. అడిగితే ఉన్నది చెబుదాం. గది లేదంటే ఇంకో లాడ్జి చూసుకుందాం, అదీ లేకపోతే ఏదో స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద పడుకుందాం. అన్న సరేనన్నాడు.

మొదటి రాత్రికి భీమడోలు దగ్గర నాతో చదువుకున్నవాడి ఇల్లు కుదిరింది. రెండో రాత్రి ఆకివీడులోనో కైకలూరులోనో లాడ్జి అనుకున్నాం. సంక్రాంతి మూడు రోజులూ ఆ వైపు కోడిపందేలు. హైదరాబాదు నుంచి కూడా జనం దిగుతారు. గదులు ముందే అయిపోతాయి, ఉన్నవాటి రేటు మా జీతాలకి అందదు. అప్పుడు అన్న అన్నాడు, "మా మేనత్త ఉంది కదా, కైకలూరు అవతల లంక ఊళ్లో. మాలపల్లెలో. ఆమె ఇంట్లో పడుకుందాం." ఆహా అనుకున్నాను. ఇంతసేపూ ఇది తోచలేదే! నాలుగు నెలల బరువు దిగిపోయింది.

అన్న కాస్త ఆగి, "నువ్వు మావాడివేనని చెబుతాలే" అన్నాడు.

నేను "సరే" అన్నాను.

ఆ సరే అనడానికి నాకు ఎంతసేపు పట్టిందనుకున్నారు? రెప్పపాటు. ఏలూరు గదిలో అబద్ధం చెప్పడానికి కనీసం గొంతు తడారింది. ఇక్కడ అది కూడా లేదు. ఫోన్ పెట్టేశాక వెలిగింది నాకు. దొంగ ఇంటిపేరు వద్దని పొద్దున పెద్ద ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి, సాయంత్రానికి మాలవాణ్ణయి నిద్రపోవడానికి ఒప్పుకున్నాను. పెద్ద కులంగా నటిస్తే సిగ్గుపడాలనీ, మాలగా నటిస్తే అది ఇంటి సర్దుబాటనీ నాలో ఎక్కడో ఉంది. మా గూడేనికీ మాలపల్లెకీ మధ్య ఉన్న కాలువ మా ఇంటి గొడవ, బయటివాళ్ల ముందు ఎత్తకూడదు అని చిన్నప్పట్నుంచీ విన్న మాట అది.

ఆ కాలువ గురించి రాస్తే కొందరు మిత్రులకి కోపం వస్తుంది. ఐక్యత దెబ్బతింటుందంటారు. 1994లో దండోరా మొదలయినప్పుడు నేను పసివాణ్ణి. ఆనాటి మాటలే ఇప్పటికీ రెండు పక్కలా వింటున్నాను. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చేసుకోవచ్చని తీర్పు చెప్పింది. ఆ రోజు మా గూడెంలో డప్పులు మోగాయి. ఆ వారమంతా అన్న నాకు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. తర్వాత స్కూలు కాంప్లెక్స్ మీటింగులో కలిసి, పిల్లల మార్కుల గురించి మాట్లాడుకున్నాం. తీర్పు గురించి ఇప్పటికీ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకుండానే కొల్లేరుకి ప్లాను వేశాం. అన్న మీద నాకు ప్రేమ లేక కాదు. ఉంది కాబట్టే మాట్లాడలేదు. అతనికీ అంతే అయివుంటుంది.

ఆదివారం అన్న మా ఇంటికొచ్చినప్పుడు చెప్పాను. "అన్నా, అత్తకి ఉన్నది చెప్పు."

అన్న మొహం మాడింది. "ఎందుకు తమ్ముడూ? ఒక్క రాత్రికి. ఆమె మంచిదే. మావయ్యే పాతకాలం మనిషి. నువ్వు నిజం చెప్పి తెల్లారేసరికి బండెక్కి పోతావు. ఇంట్లో ఆయనతో పడేది ఆమె. నీ నిజానికి రేటు మా అత్త కట్టాలా?"

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. లేకపోవడమే కాదు, అతను అన్నది న్యాయం. ఇంతసేపూ నేను నిజం చెబితే నాకు పోయేదేంటని లెక్కేసుకున్నాను. లాడ్జివాడి ముందు నిజం చెబితే పోయేది నా గది. ఇక్కడ ఇంకొక ఆడమనిషి నెత్తిన పెట్టి నేను నిజాయితీపరుణ్ణి అనిపించుకోవాలా? బీదది, పరాయి ఇంట్లో మాట పడేది. మాయమ్మలాంటిదే.

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. చివరికి నేనన్నాను, "నాకు తెలియదన్నా. కానీ చెప్పకపోతే ఆమె అన్నం పెట్టేది ఎవరికి? లేనివాడికెవడికో పెడుతుంది. ఫోన్లో ముందే అడుగు. వద్దంటే ఆమె తప్పు కాదు, మనకి ప్లాట్‌ఫారం ఉంది. రమ్మంటే, పిలిచింది నన్నే అవుతుంది."

అన్న నా వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉందో, ఆ ఆగస్టు వారం ఉందో తెలియలేదు. ఫోన్ తీసి స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు.

"అత్తా, పండక్కి వస్తానన్నా కదా, నాతో వచ్చే మాస్టారు మాదిగోళ్ల కుర్రాడు. ముందే చెబుతున్నా."

అవతల మాట లేదు. టీవీ మోగుతున్న చప్పుడు వినపడుతోంది. ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు.

"నాలుగేళ్ల కింద మీ చెల్లి పెళ్లిలో వడ్డించాడు, ఆ అబ్బాయేనా?"

"అతనే."

"అప్పుడు మనోడన్నావుగా?"

అన్న తల వంచుకున్నాడు. ఆ పెళ్లిలో అలా చెప్పాడని నాకు తెలియదు. నేనడగలేదు, అతను చెప్పలేదు.

"అన్నా అత్తా."

మళ్లీ కాసేపు టీవీ చప్పుడు. తర్వాత ఆమె గొంతు కాస్త తగ్గించి మాట్లాడింది. "రమ్మను. చేపలు దొరక్కపోవు. కారం తింటాడో లేదో కనుక్కో. మీ మావయ్యకి మటుకు నేనే చెబుతా, నువ్వు చెప్పమాక."

ఫోన్ అయిపోయింది. నోటుబుక్కు కాగితం తీసి, రెండో రాత్రి ఎదురుగా ఆ ఊరి పేరు పెన్సిలుతో రాశాను. లోపల్నుంచి మాయమ్మ వచ్చి, ఇంతకీ ఏ ఊరు పోతున్నారని అన్నని అడిగింది. అన్న చెప్పాడు. మా మామ ఆ ఊరికి కబురు మోసేవాడయ్యా, రేవు దాకా వెళ్లేవాడు అంది. దోనెకి ఎంత తీసుకునేవాళ్లో కూడా చెప్పింది.

అన్న వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి, "చైను మార్పించావా?" అన్నాడు.

రేపు మార్పిస్తానన్నాను.